సగం కట్టిన విమానం రోడ్డెక్కాలంటే

సొంతంగా కట్టుకునే విమానాల్లో బాగా పేరున్న ఆర్‌వీ-7 గాల్లో నిలబడాలంటే, మోసే బరువును బట్టి, గంటకు 80 నుంచి 95 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు. హైవే మీద ట్రెయిలర్‌ను లాక్కెళ్లే కారు వేగం కూడా ఇంచుమించు అంతే. కాబట్టి షెడ్డు నుంచి ఎయిర్‌ఫీల్డ్‌కో, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికో వెళ్లే సగం విమానానికి తగిలేది చిన్న గాలి కాదు.

లెక్క చూద్దాం. గంటకు 90 కి.మీ. అంటే సెకనుకు 25 మీటర్లు. ఆ వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 39 కిలోలు. దానికి తోడు 30 కి.మీ. గాలి ఎదురు వీస్తుంటే మొత్తం 120 అవుతుంది. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కనుక 39 కాస్తా 69కి చేరుతుంది. ట్రెయిలర్ మీద రెక్కలను పొడవునా పెడతారు, అందుకని ఎదురుగాలికి వాటి నుంచి పెద్దగా లిఫ్ట్ (పైకి లేపే బలం) రాదు. వాటికి భయం పక్కగాలితోనే. కానీ తోకను విప్పకుండా ఎక్కించిన ఫ్యూజలాజ్ (విమానపు మొండెం) సంగతి వేరు. అడ్డంగా చాచుకుని ఉన్న ఆ తోక, గాల్లో ఏ పని చేయడానికి పుట్టిందో సరిగ్గా ఆ పనే ట్రెయిలర్ మీదా చేస్తుంది.

చిక్కు గాలి ఒక్కటే అయితే గట్టిగా కట్టేస్తే సరిపోయేది. కానీ ఆ గట్టిగా కట్టడమే విమానాన్ని పాడుచేయవచ్చు.

మూతలేని అట్టపెట్టె

చెప్పుల అట్టపెట్టెను మూత పెట్టి రెండు చేతులతో మెలితిప్పండి, లొంగదు. మూత తీసి తిప్పండి, సులువుగా వంకర పోతుంది. పలుచని రేకుతో కట్టే విమానానికి గట్టితనం ఇలాగే వస్తుంది. ఆర్‌వీ తరహా విమానాల్లో రెక్క రేకు మందం 0.025 నుంచి 0.032 అంగుళాలు, కదిలే తోక భాగాల రేకు 0.016 లేదా 0.020 అంగుళాలు. అంటే అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఆ రేకు నాలుగు వైపులా మూసుకుని, రివెట్లతో ఒకటైతేనే అది మెలికకు ఎదురు నిలుస్తుంది. పైరేకు వేయని ఫ్యూజలాజ్, కిందిరేకు వేయని రెక్క మూతలేని పెట్టెలే. తమ బరువును మోసుకోగలవు కానీ మెలిక పెడితే తట్టుకోలేవు.

ఆ మెలిక పెట్టేది ట్రెయిలర్. ఒక చక్రం గుంతలో దిగి ఇంకోటి గట్టున ఉన్నప్పుడు ట్రెయిలర్ ఫ్రేము తిరుగుతుంది. ఫ్యూజలాజ్‌ను నాలుగు మూలలా ఆ ఫ్రేముకు బిగించి ఉంటే, ఫ్రేముతోపాటు అదీ తిరగాల్సిందే. కిలోమీటరుకు పదిసార్లయినా జరిగే ఈ పనిని రివెట్ వరసలు, స్పార్ (రెక్క బరువు మోసే ప్రధాన దూలం) కలిసే చోట్లు, ఫైర్‌వాల్ (ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య అడ్డుగోడ) మూలలు భరిస్తాయి.

దీనికి విరుగుడు మూడు చోట్ల మాత్రమే పట్టడం. మూడు కాళ్ల ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలబడుతుంది, దాని మీద మెలిక పడదు. ముందు రెండు చోట్ల, అంటే ల్యాండింగ్ గేర్ దగ్గర గానీ స్పార్ దగ్గర గానీ; వెనక ఒక్కచోట, తోక చివర గట్టి బల్క్‌హెడ్ (మొండెం లోపలి అడ్డ చట్రం) కింద. విమానాన్ని గీసిన ఇంజినీరు కూడా దాన్ని మూడు చోట్లే నేలకు ఆనించాడు, ఆ చోట్లకే బలం ఇచ్చాడు. మిగతా చోట్ల వేసే మెత్తలు ఊగకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు.

ఏ దశలో కదపాలి

డబ్బాలు విప్పకముందు కదపడం అన్నిటికన్నా తేలిక. ఆ తర్వాత ఒక్కో భాగం మూతపడ్డాక: తోక పూర్తయ్యాక, రెక్క మూశాక, ఫ్యూజలాజ్ పైరేకు పడ్డాక. అన్నిటికన్నా చెడ్డ దశ క్లెకోలతో నిలబెట్టిన సగం కూర్పు.

క్లెకో అనేది రివెట్ వేసేదాకా రెండు రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను. షెడ్డులో బల్ల మీద అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రోడ్డు అదురుకు స్ప్రింగ్ క్లెకోలు ఒక్కొక్కటే జారి ఊడిపోతాయి. అంతకంటే చేటు, ఊడకుండా ఉన్నవి రంధ్రం అంచును అరగదీస్తాయి. 3/32 అంగుళాల రివెట్ కోసం చేసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారితే, దాన్ని పెంచి 1/8 రివెట్ వేయాలి. అప్పుడు అంచు నుంచి ఉండాల్సిన దూరం సరిపోకపోవచ్చు. ఒక రేకు మొత్తం మళ్లీ చేసుకోవాల్సిన పరిస్థితి ఇలాగే వస్తుంది.

కదపడం తప్పదని ముందే తెలిస్తే, ప్రతి నాలుగైదు రంధ్రాలకు ఒకచోట చిన్న నట్టూ బోల్టూ వేయండి. 1/8 అంగుళం రంధ్రానికి 3 మి.మీ. బోల్టు సరిపోతుంది, 3/32కి 2 మి.మీ.ది. రెండు వైపులా వాషర్ ఉండాలి. ఆనేంత బిగువు చాలు. మిగతా రంధ్రాల్లో క్లెకోలు ఉంచుకోవాలనుకుంటే రెక్క నట్టు ఉన్న మరతిప్పుడు రకం వాడండి. పైన తెరిచి ఉన్న ఫ్యూజలాజ్‌కు లాంజెరాన్ల (మొండెం పొడవునా సాగే బద్దల) మధ్య అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కత్తెర మాదిరి రెండు చెక్క బద్దలు లేదా అల్యూమినియం యాంగిళ్లు బిగిస్తే పోయిన మూత బలం చాలావరకు తిరిగొస్తుంది. వాటిని పట్టించడానికి కొత్త రంధ్రాలు చేయకండి, ఉన్న రంధ్రాలతోనే పని జరగాలి.

తరలించే తేదీ దగ్గర పడుతోందని రెక్క కిందిరేకు హడావిడిగా మూసేయడం మాత్రం వద్దు. లోపల గొట్టాలు, వైర్లు, బెల్‌క్రాంకులు (కంట్రోల్ కడ్డీల కదలిక దిశ మార్చే మీటలు) చూసుకోవాల్సిన పని మిగిలే ఉంటుంది. తెరిచిన రెక్కను జాగ్రత్తగా మోసుకెళ్లడం, మూసిన రెక్కను మళ్లీ విప్పడంకన్నా చాలా నయం.

ట్రెయిలర్: బలమైనది కాదు, మెత్తనిది

బలమైన ట్రెయిలర్ ఉంటే నిశ్చింత అనుకోవడం సహజం. ఖాళీ లారీలో కూర్చుని ప్రయాణం చేసినవారికి తెలుసు, నిండు లోడుతో మెత్తగా ఊగే ఆ బండే ఖాళీగా ఉన్నప్పుడు నడుము విరగ్గొడుతుంది. 1,500 కిలోలు మోసే ట్రెయిలర్ మీద 200 కిలోల ఫ్యూజలాజ్ ఎక్కిస్తే కమానులు అసలు వంగవు, గుంత దెబ్బ నేరుగా విమానానికి అందుతుంది. అందుకు ఇరుసు మీదుగా ఇసుక బస్తాలు పేర్చి కమానును పని చేయించాలి, లేదా టైరు తయారీదారు చెప్పే హద్దుల్లో గాలి తగ్గించాలి. రెండు ఇరుసుల ట్రెయిలర్ ఒక ఇరుసు దానికన్నా మెత్తగా పోతుంది. గాలి సస్పెన్షన్ ఉన్న మూసిన లారీ దొరికితే ఆలోచించాల్సిన పనే లేదు: వాన, రాళ్లు, గాలి, జనం చూపు అన్నీ ఒకేసారి తప్పిపోతాయి. షిప్పింగ్ కంటెయినర్ అయితే కొలతలు చూసుకోవాలి. 20 అడుగుల కంటెయినర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, తలుపు ఎత్తు 2.28 మీటర్ల చిల్లర. లోపలికి పట్టే భాగం తలుపులోంచి పట్టకపోవచ్చు.

వెడల్పు హద్దు దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్‌లో మామూలు బండికి 2.55 మీటర్లు, అమెరికాలో 102 అంగుళాలు, అంటే 2.59 మీటర్లు. దాటితే ప్రత్యేక అనుమతి, హెచ్చరిక పలకలు, కొన్నిచోట్ల ముందో వెనకో తోడు బండి కావాలి. రెండు సీట్ల విమానపు ఫ్యూజలాజ్ ఒక్కటీ ఈ హద్దులో సులువుగా ఇముడుతుంది. దాటించేది అడ్డతోక, కొన్నిసార్లు ల్యాండింగ్ గేర్. ఈ రెంటినీ విప్పే వీలుందో లేదో చూసుకున్నాకే అనుమతుల గురించి ఆలోచించండి.

బరువు పంచడంలో ఒక్క నియమం: మొత్తం ట్రెయిలర్ బరువులో దాదాపు పదో వంతు కారు కొక్కెం మీద పడాలి, అదీ కారు తయారీదారు ఇచ్చిన హద్దు దాటకుండా. కొక్కెం మీద బరువు తక్కువైతే ట్రెయిలర్ వేగంలో పాములా ఊగడం మొదలుపెడుతుంది. ఇంజను బిగించిన ఫ్యూజలాజ్‌కు బరువంతా ముక్కులోనే. ముక్కు కారు వైపు ఉండేలా ఎక్కించి, బరువు కేంద్రం ఇరుసుకు కొద్దిగా ముందుకు వచ్చేదాకా జరపాలి.

రెక్కల ఉయ్యాల

రెక్కను పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడం చూడ్డానికి క్షేమంగా ఉంటుంది. నిజానికి రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి రిబ్‌ల మధ్య ఉన్న ఉత్త రేకు మీద బరువు పడుతుంది, ప్రతి కుదుపుకూ ఆ రేకు నూనె డబ్బా అడుగులా టక్కున లోపలికీ బయటికీ కొడుతుంది. మూడు గంటల ప్రయాణంలో అక్కడ సొట్టో, రివెట్ చుట్టూ వదులో వస్తుంది.

రెక్క నిలబడాల్సింది ముందు అంచు మీద. అక్కడ రేకు గుండ్రంగా వంగి ఉంటుంది, ఆ వంపే దానికి బలం. దీనికోసం చేసే చెక్క చట్రాన్నే కట్టేవాళ్లు రెక్కల ఉయ్యాల అంటారు. రెండు అడ్డ పలకల్లో ముందు అంచు ఆకారానికి కాస్త వదులుగా గాడి కోసి, లోపల తివాచీ ముక్క అతికిస్తారు. ఈ అడ్డ పలకలు తప్పకుండా రిబ్‌ల కిందే రావాలి, ఒకటి మొదలు వైపు, ఒకటి కొనకు కొంత లోపలగా. రిబ్ ఎక్కడుందో బయట నుంచి రివెట్ వరసే చెబుతుంది. ఆర్‌వీ-7 రెక్క వెడల్పు 58 అంగుళాలు, నిలబెడితే సుమారు 1.5 మీటర్లు, ఉయ్యాలతో కలిపి 1.7 దాకా వస్తుంది. మూసిన లారీలో ఈ ఎత్తుతో ఇబ్బంది లేదు.

రెక్కను ఉయ్యాలలో పెట్టడంతో సగం పనే అయింది. మొదలు వైపు బయటికి పొడుచుకొచ్చిన స్పార్‌ను నిలువు చెక్కకు పట్టించాలి, రెక్క ముందుకూ వెనక్కూ జారకుండా, పక్కకు ఒరగకుండా ఆపేది అదే. ఇక్కడ తొందరపడి దొరికిన ఇనుప బోల్టును స్పార్ రంధ్రంలోకి దూర్చేస్తారు. ఆ రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా రీమర్‌తో తీసినవి, విమానం మొత్తం వేలాడేది వాటి మీదే. గరుకు మర తగిలి అక్కడ గీత పడితే పగులు మొదలవడానికి అది చాలు. రంధ్రాల జోలికి పోకుండా, రెండు వైపులా మెత్తటి చెక్క పెట్టి స్పార్‌ను బిగించండి. బోల్టే వాడాల్సి వస్తే సన్నదాన్ని తీసుకుని, చుట్టూ ప్లాస్టిక్ లేదా నైలాన్ గొట్టం తొడగండి.

రెండు రెక్కలు ఒకే ఉయ్యాలలో పక్కపక్కన పెట్టొచ్చు. మధ్య కనీసం జానెడు ఖాళీ వదలండి, కొనలు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఊగుతాయి. ఇక పక్కగాలి: 5 చదరపు మీటర్ల రెక్క నిలబడి ఉంటే గంటకు 54 కి.మీ. పక్కగాలి దాన్ని 70-80 కిలోలతో తోస్తుంది. ఎదురుగా వచ్చే పెద్ద లారీ దాటినప్పుడు ఒక్క క్షణంలో తోసి, మరుక్షణం లాగుతుంది. ఉయ్యాలను ట్రెయిలర్ నేలకు బోల్టులతో బిగించాలి, ఉత్త పట్టీలతో సరిపెట్టడం వద్దు. వెనక అంచు పైకి ఉంటుంది, దాని మీద ఏమీ ఆనకూడదు, దాన్ని పట్టుకుని ఎవరూ రెక్కను ఎత్తకూడదు.

ఊగేవన్నీ విప్పండి

రెక్క వెనక అంచున కదిలే ఎలెరాన్లు, ఫ్లాపులు; తోకలో కదిలే ఎలివేటర్లు, రడ్డర్. వీటిని విప్పడానికి గంట పడుతుంది, విప్పకుండా తీసుకెళ్లి పాడుచేసుకుంటే నెల. విప్పిన వాటిని కంబళ్లలో చుట్టి, కీలు వైపు కిందికి ఉండేలా నిలబెట్టండి. వెనక అంచు కిందికి వస్తే అది అలలుగా వంగుతుంది, విమానం ఎగిరినన్నాళ్లూ ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. ఎలివేటర్ కొనలో సమతూకం కోసం పెట్టిన సీసపు ముద్ద ఉంటుంది. పలుచని రేకు చివర వేలాడే ఆ బరువు కుదుపులకు సుత్తిలా పనిచేస్తుంది, కాబట్టి దాని కింద తప్పకుండా ఒక మెత్త పెట్టి బరువు దాని మీద వదలండి.

విప్పే వీలే లేకపోతే కదిలే భాగాన్నీ కదలని భాగాన్నీ కలిపి బయటి నుంచి రెండు మెత్తపలకల మధ్య బిగించండి. కాక్‌పిట్‌లో స్టిక్‌ను బెల్టుతో కట్టేసి అయిందనుకోవద్దు. అలా చేస్తే గాలికి ఎలివేటర్ కొట్టుకునే ప్రతి దెబ్బా పుష్‌రాడ్లు, బెల్‌క్రాంకులు, రాడ్ చివరి బేరింగుల గుండా ప్రయాణించి స్టిక్ దగ్గర ఆగుతుంది. తోక ముందుకు ఉండేలా ఎక్కిస్తే ఇంకా చెడ్డ, అప్పుడు గాలి కీలు లేని అంచు వైపు నుంచి దూరి ఎలివేటర్‌ను తలుపులా తెరుస్తుంది.

కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత, అంటే కనోపీది వేరే కథ. అక్రిలిక్‌కు పగులు దాదాపు ఎప్పుడూ ఒక రంధ్రం దగ్గరో అంచు దగ్గరో మొదలవుతుంది. చలిలో అది పెళుసుబారుతుంది. ఫ్యూజలాజ్ మీద అలాగే ఉంచి పోతే పైనుంచి పారే గాలి దాన్ని పైకి పీలుస్తుంది, ఫైర్‌వాల్‌కు ముందు మూత లేకపోతే లోపలి నుంచి తోస్తుంది కూడా. విప్పి, అది వచ్చిన డబ్బాలోనే, లేదా అడ్డంగా చెక్కబద్దలు పెట్టి అంచులు దగ్గరికి రాకుండా దూరం పోకుండా చేసి, కారులోనో లారీలోనో తీసుకెళ్లండి. దుమ్ము పడితే నీళ్లతో కడగడమే. గుడ్డతో పొడిగా తుడిచినా, అమ్మోనియా కలిపిన అద్దాల క్లీనర్ వాడినా మసకబారుతుంది.

ఫ్యూజలాజ్, చక్రాలు, ఇంజను

చక్రాలు బిగించి ఉంటే ఎక్కించడం తేలిక: ర్యాంపు, చిన్న విన్చి, తోక దగ్గర ఒక మనిషి. ఎక్కాక కట్టే దగ్గరే తేడా వస్తుంది. కార్లను చక్రాల దగ్గర కట్టినట్టే ఇక్కడా ఇరుసు దగ్గర కట్టి, చక్రానికి ముందూ వెనకా దిమ్మలు కొట్టండి. అప్పుడు గేరు కాలు తన స్ప్రింగుతనంతో కుదుపును మింగేస్తుంది. ఫ్యూజలాజ్ పైనుంచి పట్టీ వేసి కిందికి లాగితే కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి, టైరు అణిగిన ప్రతిసారీ పట్టీ వదులవుతుంది, లేచినప్పుడు ఝాడించి లాగుతుంది. పట్టీ ఎంత బిగించినా ఈ ఆట ఆగదు. తోకచక్రం ఉన్న విమానమైతే ఆ చిన్న చక్రం మీద బరువు ఉంచకండి. తోక చివరి బల్క్‌హెడ్ కింద వంపు కోసిన మెత్తటి ఆనుడుదిమ్మ పెట్టి, దాని మీదుగా వెడల్పు పట్టీతో వదులూ బిగువూ కాకుండా కట్టండి.

ఇంజను బిగించాలా, వేరుగా పట్టుకెళ్లాలా? పూర్తయిన ఫ్యూజలాజ్‌కు బిగించి ఉంటే ఉండనివ్వొచ్చు, మౌంటుకు, ఫైర్‌వాల్‌కు అంతకు మించిన భారం మోసే బలం ఉంటుంది. పైరేకు పడని ఫ్యూజలాజ్‌కు మాత్రం వద్దు. లైకమింగ్ 320, 360 తరగతి ఇంజన్ల బరువు ఇంచుమించు 110 నుంచి 130 కిలోలు. అంత బరువు మూతలేని పెట్టె చివర వేలాడితే ఫైర్‌వాల్ మూలల్లో రేకు ముడతలు పడుతుంది. వేరుగా పోయే ఇంజనును దాని మౌంటు చెవుల మీదే చెక్క పలకకు బిగించాలి, అడుగున ఉన్న ఆయిల్ సంప్ మీద కూర్చోబెట్టకూడదు. ప్రతి రంధ్రానికీ మూత, స్పార్క్ ప్లగ్గుల స్థానంలో తేమ పీల్చే ప్లగ్గులు. ప్రొపెల్లర్‌ను ఎలాగూ విప్పాల్సిందే.

ఫైర్‌వాల్ ముందు ఇంజను లేకపోతే ప్లైవుడ్ పలక ఒకటి అడ్డంగా కట్టండి. లాగే బండి వెనక చక్రాలు విసిరే కంకరకు మొదట తగిలేది ఆ భాగమే. తిరిగే మెకానికల్ గైరో పరికరాలు, తెరలు ఉన్న పరికరాలు విప్పి కారు సీటు మీద పెట్టుకోవడం మేలు. బ్యాటరీ తీగ విప్పేయండి.

మూసిన ట్యాంకు, ఎత్తైన దారి

చాలామందికి తట్టని ప్రమాదం ఇది. దుమ్ము పోకూడదని ఇంధన ట్యాంకు వెంటు (గాలి ఆడే రంధ్రం), పైపు నోళ్లు అన్నిటికీ టేపు అంటించి బిగించేస్తారు. రెక్కలో కట్టిన అల్యూమినియం ట్యాంకుల్ని లీకు పరీక్ష చేసేటప్పుడు ఒక చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి మించనివ్వరు, మించితే తెలియడానికి గొట్టానికి బెలూను కడతారు. ఒక పౌను అంటే సుమారు 7 కిలోపాస్కల్స్. సముద్రమట్టం దగ్గర మూసిన ట్యాంకును 600 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే లోపలికీ బయటికీ సరిగ్గా అంత తేడా వస్తుంది. ఎండలో లోపలి గాలి 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే ఇంకో 10 కిలోపాస్కల్స్. కొండదారి, ఎండ రెండూ కలిస్తే ట్యాంకు పరీక్ష హద్దుకు రెట్టింపు దాటిపోతుంది, నెలలు పట్టి చేసిన సీలెంట్ కుట్టు విచ్చుకుంటుంది. వెంటును పలుచటి గుడ్డతో కప్పి దారంతో కట్టండి, గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది. ఇంధనం ఒక్క చుక్క లేకుండా తీసేయాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

పట్టీలు

50 మి.మీ. రాట్చెట్ పట్టీని మామూలు మనిషి చేత్తో బిగిస్తే 300 కిలోల దాకా లాగుడు వస్తుంది. అంత శక్తి 0.025 అంగుళాల రేకు మీద పడటం ఊహించుకోండి. రాట్చెట్లను ఉయ్యాలను, చెక్క చట్రాలను ట్రెయిలర్‌కు కట్టడానికి, ఇరుసుల దగ్గర వాడండి. విమానపు ఒంటికి తగిలే చోట 25 మి.మీ. బకిల్ పట్టీలే వాడండి, చేత్తో లాగి వదిలేసేవి. వాటి కింద మెత్త, మెత్త కింద రిబ్ లేదా బల్క్‌హెడ్ ఉండాలి. ప్రతి పట్టీకి ఒక అర మెలిక వేస్తే గాలికి బుర్రుమని అదరడం ఆగుతుంది. అదిరే పట్టీ రంగును, రేకును కూడా గీకేస్తుంది.

ఎంత బలం కావాలన్నదానికి సరుకు రవాణా నియమాలు మంచి కొలబద్ద. అమెరికాలోనైనా యూరప్‌లోనైనా ముందుకు బరువులో 0.8 వంతు, పక్కలకు, వెనక్కు 0.5 వంతు తట్టాలంటారు. 300 కిలోల భాగమైతే బ్రేకు వేసినప్పుడు 240 కిలోలతో ముందుకు దూసుకుపోవాలని చూస్తుంది. దీన్ని పట్టీ బిగువుతో ఆపాలనుకునే బదులు ముందు ఒక దిమ్మ అడ్డం పెట్టండి.

టార్పాలిన్ కప్పాలనిపిస్తుంది. తెరిచిన ట్రెయిలర్ మీద అది మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. బిగించలేనంత వదులుగా ఉండి గాలికి కొట్టుకునే పట్టా, ఇసుక రేణువులు కిందకు చేరాక, ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. వాన వస్తే తడవనివ్వండి, చేరాక ఆరబెట్టుకోవచ్చు. తడిసిన పట్టా గానీ తడిసిన ఫోమ్ గానీ అల్యూమినియానికి అంటుకుని నాలుగు రోజులు ఉంటే తెల్లటి బూజులాంటి తుప్పు మొదలవుతుంది. మంచు కరిగించడానికి ఉప్పు చల్లే రోడ్ల మీదైతే మూసిన బండి తప్ప మరో దారి ఆలోచించకండి.

రేకు కానివి

లాంగ్-ఈజీ తరహా ఫైబర్‌గ్లాస్ విమానాలకు కుదుపుకన్నా ఎండ ప్రమాదం. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ, రకాన్ని బట్టి, 60-80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నల్లటి పట్టా కింద ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. మెత్తబడ్డ రెక్క ఆనిన తీరులోనే వంగి, చల్లారాక ఆ వంపునే ఉంచేసుకుంటుంది. కప్పితే తెల్లటి గుడ్డే కప్పండి, దిమ్మలు ఎక్కువ చోట్ల పెట్టండి. సన్నటి పట్టీ లోపలి ఫోమ్‌ను నలిపేస్తుంది, పైకి ఏమీ కనబడదు. స్టైరో ఫోమ్‌ను పెట్రోలు కరిగిస్తుంది కాబట్టి ఇంధన క్యాను అదే బండిలో పెట్టవద్దు.

ఉక్కు గొట్టాల ఫ్రేము అన్నిటికన్నా మొండిది. గొట్టం మధ్యలో కాకుండా నాలుగైదు గొట్టాలు కలిసే ముడి దగ్గర కడితే చాలు. గుడ్డ తొడిగిన రెక్కకు రిబ్‌ల మీదుగా పట్టీ వేయకండి. మడిచే రెక్కలున్న విమానాలకు తయారీదారు ఇచ్చే మడత పట్టీ చాలావరకు షెడ్డులో నిలిపి ఉంచడానికే తప్ప హైవేకు కాదు.

దారిలోనూ, చేరాకా

ఎక్కించేటప్పుడు మాట చెప్పేది ఒక్కరే ఉండాలి. ఎవరెక్కడ పట్టుకోవాలో ముందే నేల మీద నిలబడి చూపించండి. దారిని ముందురోజు కారులో ఒకసారి చూసిరండి: వంతెనల ఎత్తు, వేలాడే వైర్లు, స్పీడ్ బ్రేకర్లు, బిగువైన మలుపులు. ట్రెయిలర్ వెనక్కు పొడుచుకొచ్చిన తోక, బండి కుడికి తిరిగితే ఎడమకు ఊడ్చుకుంటూ పోతుంది. పక్కనున్న స్తంభాన్ని డ్రైవరు అద్దంలో చూసేసరికి ఆలస్యమవుతుంది. పొడుచుకొచ్చిన కొనకు పగలు ఎర్రగుడ్డ, రాత్రి ఎర్రదీపం. 70 దాటకండి. మొదటి ఆగడం 10 కి.మీ. దగ్గర, ఎందుకంటే మెత్తలు అణిగి పట్టీలు వదులయ్యేది అప్పుడే. తర్వాత 50 దగ్గర, ఆపై గంటకోసారి.

బీమా విషయం ఒక్కటి. విమానం కడుతున్నప్పుడు తీసుకున్న పాలసీ రోడ్డు మీద రవాణాను కప్పుతుందని, కారు పాలసీ ట్రెయిలర్ మీది సరుకును కప్పుతుందని ఊహించుకోకండి. రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, బయలుదేరే ముందు ప్రతి భాగానికీ నాలుగు వైపులా ఫొటోలు తీయండి.

చేరిన రోజు కడిగి ఆరబెట్టడం వరకే. మరునాడు వెలుతురులో రివెట్ వరసల వెంట టార్చి వాల్చి పట్టి చూడండి. రివెట్ తల చుట్టూ నల్లటి పొడి మరక ఉంటే అక్కడ రెండు లోహాలు రాసుకున్నాయి; తుడిస్తే పోయే ఆ మరకను తుడవకముందే ఫొటో తీసి, ఆ రివెట్‌ను గుర్తుపెట్టుకోండి. బోల్టులు పెట్టిన రంధ్రాలను కొత్త రివెట్‌తో సరిచూడండి, వదులుగా ఆడితే పెంచాల్సిందే. ట్యాంకులకు బెలూను పరీక్ష మళ్లీ చేయండి. కీళ్లు, రాడ్ చివర్లు వేలితో కదిపి చూడండి. ఫ్యూజలాజ్‌ను మట్టం చేసి, ఫైర్‌వాల్ దగ్గర ఒకచోట, తోక దగ్గర ఒకచోట స్పిరిట్ లెవెల్ పెడితే రెండూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే పైరేకు వేయకండి. మెలికతో ఉన్న పెట్టెకు మూత బిగిస్తే ఆ మెలిక అక్కడే ఉండిపోతుంది, రివెట్లన్నీ విప్పితే తప్ప పోదు.